మొలతాడు - లంగా ఓణీ - గడప

ఆచారాలంటే కొందరు మూఢనమ్మకాలని తోసేస్తారు. కొందరు పాతవన్నీ గొప్పవే అంటారు. ఒక్కొక్కదాన్ని విడిగా పరిశీలించాలని మా అభిప్రాయం.

మొలతాడు: మన ఎర్రుపాలెం వైపు చాలా ఇళ్ళలో పసిబిడ్డకు మొలతాడు కడతారు. దిష్టి తగలదని నమ్మకం. అయితే అది తల్లికి కొలత కూడా. తాడు బిగిస్తే బిడ్డ ఒళ్ళు చేసినట్టు, వదులైతే చిక్కినట్టు. నేడు ఆరోగ్య కార్యకర్తలు జబ్బ చుట్టుకొలతను టేపుతో చూస్తారు. ఆరు నెలలు దాటి ఐదేళ్ళలోపు బిడ్డకు అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపమని గుర్తిస్తారు. తాడు అనుమానం చెబుతుంది, టేపు అంకె చెబుతుంది.

స్లావ్ ప్రజల దేశమైన బల్గేరియాలోనూ మార్చి 1న పిల్లల చేతికి ఎరుపు, తెలుపు దారాలు కడతారు. కొంగనో, పూసిన చెట్టునో చూశాక విప్పి కొమ్మకు కడతారు. ఈ ఆచారాన్ని 2017లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

లంగా ఓణీ: పూర్వం ఆడపిల్లల లంగాకు అడుగున మడతలు పెట్టి కుట్టించేవారు. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో మడత విప్పేవారు. ఒక్క లంగా రెండు మూడేళ్ళు వచ్చేది. అది పేదింటి లెక్క, సిగ్గుపడాల్సిన పని కాదు. ఉక్రెయిన్‌లో అమ్మమ్మల నాటి కుట్టుపని చొక్కాలను అందరూ ఒకే రోజు తొడుక్కునే పండుగ 2006లో చెర్నివ్‌త్సీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మొదలుపెట్టింది మనలాంటి విద్యార్థులే!

గడప: గడప మీద నిలబడి ఇచ్చిపుచ్చుకోకూడదని మన పెద్దలంటారు. రష్యాలోనూ గడపకు అటూ ఇటూ నిలబడి కరచాలనం చేయరు. కానీ పసుపు రాసిన ఆ గడపే మన తాతలను వాకిట్లో నిలబెట్టింది. దోసిట్లో నీళ్ళు పోయించుకుని తాగినవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కాబట్టి గడపకు ముగ్గు వేద్దాం, మనిషిని ఆపే గడపను మాత్రం ఒప్పుకోవద్దు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. ఏ ఆచారం ఎందుకు, ఎవరికి మేలు, ఎవరికి బాధ? నోటుబుక్కులో రాసుకోండి. మన ఇళ్ళ చరిత్రను మనం రాయకపోతే మరొకరు రాయరు.