పాత బుల్లెటు గేరుపెట్టె: పరీక్ష, సంరక్షణ

అచ్చంపేట నుండి మన్ననూరు మీదుగా నల్లమల దాటి శ్రీశైలం వెళ్ళే మార్గంలో, దోమలపెంట తరువాత కృష్ణ లోయలోనికి దిగే మలుపులు ఎంత కఠినమైనవో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆ దిగుడులో బండిని అదుపులో ఉంచేది బ్రేకు ఒక్కటే కాదు. తక్కువ గేరులోని ఇంజను కూడా చక్రం వేగాన్ని పట్టి ఉంచుతుంది. అప్పుడు గేరు జారినచో భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. కావున గేరుపెట్టె సంగతి మిస్త్రీలదే అని మనం ఉపేక్షించరాదు.

ఉదాహరణకు పాత బుల్లెటును తీసుకుందాం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. 1970 నాటికి ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడినా ఇక్కడ ఉత్పత్తి ఆగలేదు. ఆ బండ్లలోని నాలుగు గేర్ల పెట్టె ఆల్బియన్ నమూనాకు చెందినది. గేరు పెడలు కుడికాలి వైపు ఉంటుంది. మొదటి గేరు పైకి, తక్కిన మూడు కిందికి.

పెట్టెలో ప్రధాన ఇరుసు, ఉప ఇరుసు అని రెండున్నాయి. మొదటి మూడు గేర్లలో శక్తి ఉప ఇరుసు గుండా ప్రయాణిస్తుంది. నాల్గవ గేరులో నేరుగా వెలుపలికి పోతుంది. ఈ ఒక్క సూత్రం తెలిసిన యెడల పెట్టె విప్పకుండానే లోపాన్ని ఊహించవచ్చు. మూడు గేర్లలో రొద వినిపించి నాల్గవ గేరులో తగ్గినచో, ఉప ఇరుసునూ దాని ఆధారాలనూ అనుమానించాలి.

పరీక్షకు ఒక క్రమం ఉండాలి. మొదట చమురు చూడాలి. కింది మర విప్పినప్పుడు వచ్చే చమురులో సన్నని బూడిదరంగు పొడి సహజమైన అరుగుదలకు గుర్తు. ఉక్కు ముక్కలు కనిపించినచో పన్ను విరిగినట్లే. ఇక బండి నడపరాదు. చమురు పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని అర్థం. తయారీదారు సూచించిన చమురునే మట్టం వరకు పోయాలి. కారడం ఆపడానికని గట్టి గ్రీజు కూరినచో పళ్ళు దానిలో దారి చేసుకొని పొడిగా తిరుగుతాయి.

పిమ్మట క్లచ్చు తీగను చూడాలి. చేతి పిడి వద్ద రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. వదులు మితిమీరినచో క్లచ్చు పూర్తిగా విడివడక గేరు గరగరమంటుంది. అది పెట్టె దోషం కాదు.

గేరు జారుతున్నచో ముందు వెలుపలి మూతలోని సర్దుబాటు పలకను సరిచేయాలి. అప్పటికీ జారినచో డాగులనే పట్టుపళ్ళ అంచులు గుండ్రబడి ఉండవచ్చు, లేదా గేర్లను జరిపే ఫోర్కు వంగి ఉండవచ్చు. అప్పుడే పెట్టె విప్పాలి. కిక్కు కొట్టినప్పుడు పట్టులేక జారుట మాత్రం దాని పంటిచక్రం అరిగిన సూచన.

పానా, మిస్త్రీ, ఉస్తాద్ అనే మాటలు మన ఉర్దూ, తెలుగు ఇళ్ళు రెండింటికీ పరిచితమే. పుస్తకం చదివినవాడు చేతికి మసి అంటుతుందని వెనుకాడితే విద్య సగమే. మసి అంటినవాడు కారణం అడగకపోతే పని సగమే. విద్యార్థి మిత్రులారా! ఉస్తాద్ పక్కన నిలబడి, ప్రతి మరకూ ఎందుకని అడిగి నేర్చుకుందాం. ఘాటు దిగే ముందే బండిని పరీక్షించుకుందాం.