మందు అంటే ఏ మందు?

హనుమాన్ జంక్షన్‌లో దారులు కలుస్తాయి. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ ఎటైనా పోవచ్చు. అక్కడ ‘మందుల షాపు ఎక్కడ?’ అని అడిగితే ఒక కొట్టు చూపిస్తారు. ‘మందు షాపు ఎక్కడ?’ అని అడిగితే ఇంకో కొట్టు చూపిస్తారు. తేడా ఒక్క ‘ల’ అక్షరమే. ఒకచోట జ్వరం బిళ్లలు ఉంటాయి. రెండోచోట బ్రాందీ ఉంటుంది.

జంక్షన్ దగ్గర ఒక పల్లె. ఊడ్పుల రోజులు. వాన ముసురు పట్టింది. ఒక ఇంట్లో ఏడాది నిండని పసివాడికి జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి ఏడుస్తున్నాడు.

“ఒక్క చెంచా బ్రాందీ పట్టవే. వేడి పుడుతుంది” అంది అత్త.

“పసివాడు కదా అత్తయ్యా!” అంది కోడలు.

“నీ మొగుడికీ పట్టాను. వాడికేమైంది?”

అప్పుడే ఆశా కార్యకర్త వచ్చింది. చెంచా చూసింది.

“పెద్దమ్మా, బ్రాందీ తాగితే వెచ్చగా అనిపిస్తుంది. నిజమే. చర్మం కిందికి రక్తం ఎక్కువగా వస్తుంది, అందుకని. కానీ ఆ దారినే ఒంట్లో వేడి బయటికి పోతుంది. లోపల ఒళ్లు చల్లబడుతుంది. పసివాళ్లకైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఫిట్స్ రావచ్చు. ఊపిరి మందగించవచ్చు. ఏడుపు ఆపాడంటే జలుబు తగ్గినట్టు కాదు. మత్తు కమ్మినట్టు.”

అత్త చెంచా పక్కన పెట్టింది. కానీ ఊరుకోలేదు. “మరి మగాళ్లు? మూటలు మోసి వస్తారు. ఒళ్లు నొప్పులకే తాగుతామంటారు.”

ఈ మాట పాతదే. సారా రోజుల్లోనూ ఇదే మాట. కష్టం చేసిన ఒంటికి సారాయే మందు అనేవాళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు ఆ మాట వినలేదు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. సీసాలు మళ్లీ వచ్చాయి. ఒళ్లు నొప్పుల మాటా వచ్చింది.

తాగితే నొప్పి తెలియదు. అంతే. నొప్పి అక్కడే ఉంటుంది. తెల్లారి లేచేసరికి కూలి డబ్బు మాత్రం ఉండదు. ఇంత తాగితే ఒంటికి హాని లేదు అని చెప్పగల కొలతే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

ఇప్పుడు గంజాయికీ ఇలాంటి పేరే వస్తోంది. “అమెరికాలో గంజాయితో మందు చేస్తున్నారట. ఫోనులో చూశాను” అన్నాడు ఆ ఇంటి చిన్న కొడుకు. అది పూర్తిగా అబద్ధం కాదు. గంజాయి మొక్కలోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, శుద్ధి చేసి మందు తయారు చేశారు. దానికి మత్తు ఉండదు. పిల్లలకు వచ్చే రెండు రకాల మొండి ఫిట్స్‌కు వాడమని 2018లో అమెరికా ఒప్పుకుంది. 2020లో ఐక్యరాజ్యసమితిలో ఓట్లు వేశారు. అతి ప్రమాదకరమైన వాటి పట్టీలోంచి గంజాయిని తీసేయాలని 27 దేశాలు, వద్దని 25 దేశాలు అన్నాయి. మన దేశం తీసేయమన్న వైపే ఉంది.

అయితే ఆ సీసామందు వేరు, పొట్లంలో చుట్టిన గంజాయి వేరు. పొట్లంలో ఏది ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియదు. పైగా 1985 చట్టం ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరమే, జైలు పడవచ్చు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ ఉండదు. “మందుకోసం తెచ్చుకున్నా” అంటే పోలీసులు వదలరు.

అదే ఇంట్లో లోపలి గదిలో అత్తగారి అక్క మంచం మీద ఉంది. ఎప్పుడో పంటి నొప్పికి పొగాకు కాడ పెట్టుకోవడం మొదలుపెట్టింది. నొప్పి పోయినా అలవాటు పోలేదు. ఇప్పుడు నోట్లో క్యాన్సర్. రాత్రంతా మూలుగుతుంది. క్యాన్సర్ డాక్టరు మార్ఫిన్ బిళ్లలు రాసి ఇచ్చాడు. అవి వాడకుండా అత్త బియ్యం డబ్బాలో దాచింది.

“అది నల్లమందు నుంచి తీస్తారట. మా అక్కకు మత్తుమందు పెడతానా?” అంది.

పసివాడికి బ్రాందీ పట్టబోయిన చెయ్యే అది!

“నల్లమందు నుంచి తీసిన మాట నిజమే పెద్దమ్మా” అంది ఆశా కార్యకర్త. “గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. వెనక పసిబిడ్డలు నిద్రపోవాలని నాకించేవాళ్లు. కొందరు బిడ్డలు మళ్లీ లేవలేదు. కానీ ఈ బిళ్ల తూకం వేసి చేసింది. ఇంత బాధకు ఇదే సరైన మందు. డాక్టరు చెప్పిన కొలతలో వాడితే దానికి బానిస కావడం అరుదు. మలబద్ధకం వస్తుంది, దానికీ వేరే మందు రాశారు. మన అంతట మనం పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు. మరీ మగతగా ఉన్నా, ఊపిరి తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మందు దొరక్క ఎంతోమంది బాధపడుతూ పోయారు. అందుకే 2014లో చట్టం మార్చి, ఆసుపత్రులకు ఇది దొరకడం సులువు చేశారు.”

కోడలు డబ్బాలోంచి చీటీ తీసింది. కూడబలుక్కుని చదివింది. ‘నాలుగు గంటలకు ఒకటి’ అని తెలుగులో రాసి ఉంది. బ్రాందీ సీసా కూడా తిప్పి చూసింది. ఏ జబ్బుకు, ఎంత, ఎన్నిసార్లు అన్నది దాని మీద ఎక్కడా లేదు.

గోడమీది క్యాలెండర్ పక్కన ఆమె బొగ్గుతో రాసింది: 6, 10, 2, 6, 10, 2. తర్వాత మొదటి బిళ్ల, గ్లాసుతో నీళ్లు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది.