తెలుగు భిన్నాంక చిహ్నములు - యూనికోడ్ సంకేతములు

నెల్లూరు మండల పశ్చిమభాగమునందలి ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనములు బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి గార్ల సంపుటములలో 1905లో వెలువడినవి. ధాన్యమును, అది విత్తు నేలను పుట్టి, తూము మొదలగు మానములతో చెప్పుట పూర్వపు వాడుక. ఇట్టి సీమల పాత లెక్కలను నేడు కంప్యూటరులోనికి ఎక్కించు పరిష్కర్తలు అక్షరములతోపాటు భిన్నాంకములను గూడ పరిశీలింపవలసి యున్నది.

తెలుగు భిన్నగణనమునకు ఆధారము పది కాదు, నాలుగు. కాలు, అర, ముక్కాలు అనువానికి వరుసగా ఒకటి, రెండు, మూడు నిలువుగీతలు (౹, ౺, ౻). తరువాతి స్థానమున వీసము, పరక, మువ్వీసము అనగా పదునాఱింట ఒకటి, రెండు, మూడు పాళ్లు. వీనికి అడ్డగీతలు (౼, ౽, ౾). ఆపై కాని మొదలగువానికి మరల నిలువుగీతలే. తూమునకు నాలుగు కుంచములు, కుంచమునకు నాలుగు మానికలు అను కొలతకు ఈ పద్ధతి చక్కగా సరిపోవును.

స్థానము మాఱినపుడెల్ల గీత దిశ మాఱుట చీనాదేశపు గణనశలాకలయందును కలదు. అయితే అచట ఆధారము పది. ఆ శలాకాంకములు 2006లో యూనికోడ్ 5.0 నందును, తెలుగు భిన్నాంకములు 2008లో 5.1 నందును చేరినవి. తెలుగు చిహ్నములకు దశాంశగణనలో 3192 మొదలు 3199 వఱకు ఎనిమిది స్థానము లీయబడినవి. వానిలో చివరిది తూము గుర్తు (౿), మొదటిది హళ్ళి (౸). నిలువుగీతల స్థానము శూన్యమైనచో హళ్ళిని, అడ్డగీతల స్థానము శూన్యమైనచో మామూలు సున్నను వాడవలెను. “హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న” అను లోకోక్తి ఈ రెంటిని వేర్వేఱుగనే పేర్కొనుట గమనింపదగినది.

మూడు తూములు, రెండు కుంచములు, ఒక మానిక అను లెక్కలో భిన్నభాగము ౺౼. కుంచములు లేనిచో ౸౼. ఈ అడ్డగీతను పరిష్కర్త నిలువుగీతగా ఎక్కించెనా, మానిక కుంచమై ధాన్యము నాలుగింతలగును. నిలువుగీతకు మాఱుగా పూర్ణవిరామపు దండమును, అడ్డగీతకు మాఱుగా సమాసచిహ్నమును వాడినచో కంటికి భేదము తోపకపోవచ్చును గాని, యంత్రమున కది సంఖ్య కాదు. వెదకినను దొరకదు, కూడినను కలియదు.

1956 నాటి తూనికలు కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చినది. 1984లో కరణముల పదవులు రద్దైనవి. ఈ గీతలను నిత్యము వ్రాసిన చేతులు అరుదైనవి. కావున ప్రాచ్య కళాశాలల తాళపత్ర పరిష్కరణ పాఠములలో లిపితోపాటు ఈ చిహ్నములను, వాని సంకేతములను గూడ బోధించుట యుక్తము.