కంప్యూటరులో ఒకే ఫైలునకు పలు నకళ్ళు - వానిని గుర్తించు విధానము

పూర్వము పంచాయతీ కార్యాలయపు బీరువా నిండినచో ఆ సంగతి అందరి కంటికి తెలియుచుండెడిది. కంప్యూటరు అట్లు కాదు; లోపల ఎంత పేరుకొన్నను పైకి కానరాదు. ఇంటిపన్ను జాబితాను గుమాస్తా ఒక ఫోల్డరులో ఉంచును. ఆడిటు నాడు మరియొకచోటికి నకలు తీయును. పెన్‌డ్రైవులో వెలుపలికి పోయి వచ్చినది మూడవచోట చేరును. స్థలము తరుగుట చిన్న చిక్కే. ఏది సరియైన జాబితాయో తెలియక, పన్ను చెల్లించిన గృహస్థునే మరల అడుగుట పెద్ద చిక్కు. అప్పుడు మాట పడవలసినవారు సభ్యులే గదా!

లైనక్సు గల కంప్యూటరులకు ఎఫ్‌డూప్స్ అను ఉచిత సాధనము కలదు. దీనిని వ్రాసినవారు ఏడ్రియన్ లోపెజ్. నల్లని తెరపై ఆజ్ఞను అక్షరములతో వ్రాయవలెను: సాధనము పేరు, ఒక చిన్న గీత, దాని నంటి ఆంగ్లపు చిన్న 'ఆర్' అక్షరము, పిదప వెదకవలసిన ఫోల్డరుల పేర్లు. 'ఆర్' లేనిచో లోపలి ఫోల్డరులను చూడదు. బీరువా తెరచి అరలను వదలినట్లగును. ఒకే రూపుగల ఫైళ్ళను గుంపులుగా చూపి, గుంపునకు గుంపునకు నడుమ ఒక పంక్తి విడుచును.

అది పనిచేయు తీరు ముచ్చటైనది. మొదట పరిమాణమును మాత్రమే చూచును. ఒక్క బైటు తేడా యున్నను ఆ రెండును ఒకటి కానేరవు గనుక వానిని తెరువనే తెరువదు. పరిమాణము సరిపోయినచో ఎమ్‌డి5 అను గణితవిధానముచే ఫైలు మొదటి భాగమునుండియు, పిదప ఫైలంతటినుండియు 128 బిట్ల ముద్రను తీయును. ఇది మన వ్రేలిముద్ర వంటిదే. అయితే వేర్వేరు ఫైళ్ళకు ఒకే ముద్ర పడునట్లు చేయవచ్చునని 2004లో చీనా దేశపు వాంగ్ షియావ్‌యూన్, ఆమె సహచరులు నిరూపించిరి. ఈ సాధనము ముద్రతో తృప్తిపడక, తుదకు బైటు బైటుగా సరిచూచును. ఫైలు పేరుతో దానికి నిమిత్తము లేదు.

ఒకే తీర్మానపు పుటను రెండుసార్లు స్కాను చేసినచో మన కంటికి అవి ఒకటే, సాధనమునకు వేరు. పన్ను జాబితాలో ఒక్క పేరు దిద్దినను వేరే. కాబట్టి పాత జాబితా యేదో, దిద్దిన జాబితా యేదో అది చెప్పజాలదు. అచ్చపు నకళ్ళు తొలగిన పిమ్మట మిగిలినవానిని మనుష్యులే చదివి తేల్చుకొనవలెను.

తొలగించుట వేరు సంగతి. చిన్న 'డి' అక్షరమును చేర్చినచో ఒక్కొక్క గుంపులో దేనిని నిలుపవలెనో అడుగును. దానితో పెద్ద 'ఎన్' కూడ చేర్చినచో అడుగక, మొదటిదానిని నిలిపి మిగిలినవానిని చెరపివేయును. చెరపినవి చెత్తబుట్టలోనికి పోవు, పోయినవి పోయినవే. ఒకే ఫోల్డరు పేరును రెండుసార్లు వ్రాసినచో ఫైలు తనకు తానే నకలుగా కనబడి, అసలే పోవచ్చునని దాని కైపుస్తకమే హెచ్చరించుచున్నది. ఆపదకు వేరొక డిస్కులో దాచుకొన్న ప్రతి కూడ దానికి నకలే గనుక ఆ డిస్కును వెదకుటలో చేర్చరాదు.

మొదట పెద్ద 'ఎస్' అక్షరముతో పరిమాణములు గల జాబితా మాత్రమే తీసి, కాగితముపై అచ్చొత్తి, సమావేశమున చూచుట మేలని మా అభిప్రాయము. జననమరణముల రిజిస్టర్లు, తీర్మానములు గుమాస్తా ఒక్కడే చెరపదగినవి కావు.

ఏమియు వ్రాయని ఖాళీ ఫైళ్ళన్నియు ఆ జాబితాలో ఒకదానికొకటి నకళ్ళుగా చేరును. చిన్న 'ఎన్' అక్షరము వ్రాసినచో వానిని విడిచిపెట్టును. చిన్న 'ఎన్' ఖాళీ ఫైళ్ళను విడుచునది. పెద్ద 'ఎన్' అడుగకుండ చెరపునది. ఆజ్ఞ వ్రాయునప్పుడు ఈ రెంటిని మార్చి వ్రాయరాదు.