ప్రింటర్ వృథా ఇంకుకు బయట సీసా - ఒక లెక్కల పాఠం



స్కాలర్‌షిప్ అర్జీల కాలం వచ్చిందంటే మన కెంచార్లహళ్ళి వంటి ఊళ్ళలో జెరాక్స్ అంగడి ముందు పిల్లలు బారులు తీరడం అందరికీ తెలిసినదే. ఆదాయ ప్రమాణపత్రం, కుల ప్రమాణపత్రం, మార్క్స్ కార్డు, పాస్‌బుక్ మొదటి పుట - అన్నింటికీ ప్రతులు కావాలి. ఇప్పుడు కొన్ని ఇళ్ళలోనే ఇంకు ట్యాంకు ప్రింటర్లు ఉన్నాయి. చదువుకునే పిల్లలు సాయంత్రం పూట వాటితో నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. నాకు తెలిసిన అటువంటి ఒక ఇంట్లో జరిగిన సంగతితో ఈ పాఠం మొదలుపెడతాను.

అర్జీ గడువు రెండు రోజులు ఉందనగా ఆ ఇంటి ప్రింటర్ ఆగిపోయింది. ఎర్ర దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. ఇంకు ప్యాడ్ ఆయుష్షు తీరిందని కంప్యూటర్ తెరపై వచ్చింది. తెలిసినవారొకరు ఏదో సాఫ్ట్‌వేర్‌తో లోపలి అంకెను సున్నా చేసి వెళ్ళారు. ప్రింటర్ నడిచింది, అందరూ సంతోషించారు. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం చూస్తే ప్రింటర్ కింద నల్లటి మడుగు. అక్కడే పెట్టిన ఫైలులోని అసలు మార్క్స్ కార్డు తడిసి, అక్షరాలు కనబడకుండా పోయాయి. డూప్లికేట్ కార్డు కోసం ఆ అమ్మాయి, వాళ్ళ నాన్న ఎన్నిసార్లు తిరిగారో వాళ్ళకే తెలుసు.

ఇంకు ఎక్కడికి పోతుంది?

ప్రింటర్ హెడ్‌లో ఇంకు చిమ్మే రంధ్రాలు వెంట్రుక కంటే సన్ననివి. వాటిలో ఇంకు ఎండకుండా యంత్రం అప్పుడప్పుడు తనను తానే శుభ్రం చేసుకుంటుంది. హెడ్ ఒక పక్కకు వెళ్ళి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. చిన్న పంపు కొంత ఇంకును పీల్చి సన్నని గొట్టం గుండా బయటికి నెడుతుంది. ఆ ఇంకు కాగితాన్ని చూడకుండానే లోపల ఉన్న దూది వంటి ప్యాడ్‌లోకి ఇంకిపోతుంది.

ప్యాడ్ ఎంత తడిసిందో యంత్రం చూడదు. ఒక్కొక్క శుభ్రతకు ఇంత ఇంకు అని తన లెక్కలో కలుపుకుంటూ పోతుంది. ఆ మొత్తం హద్దు దాటగానే పని ఆపివేస్తుంది. అంటే ఆ అంకె లెడ్జర్ నిల్వ వంటిది, ప్యాడ్‌లోని ఇంకు పెట్టెలోని నగదు వంటిది. బ్యాంకులో ప్రతి సాయంత్రం రెండూ సరిచూసిన తర్వాతే ఇంటికి వెళ్ళేవాళ్ళం. నగదు లెక్కపెట్టకుండా లెడ్జర్‌ను మాత్రం దిద్దితే ఏమవుతుందో ఆ ఇంట్లో అదే అయింది.

బయట సీసా పెట్టడం

పాత ఎప్సన్ ఎల్ వరుసలోని ఎల్ 210, ఎల్ 220, ఎల్ 360, ఎల్ 380 వంటి ప్రింటర్లలో వెనుక పక్కన ప్యాడ్ పెట్టె మూత ఉంటుంది. వృథా ఇంకు గొట్టం అక్కడికే వస్తుంది. గ్యారంటీ ఉన్నంతకాలం దాన్ని ముట్టుకోవద్దు. గ్యారంటీ తీరిన తర్వాత పెద్దవారి సమక్షంలో ఇలా చేయవచ్చు.

1. ప్రింటర్‌ను దాని మీటతోనే ఆపి, తర్వాత ప్లగ్గు తీయాలి. కింద పాత పేపర్లు పరచాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ప్రింటర్‌ను వంచకూడదు, తలకిందులు చేయకూడదు.

2. మూత మర విప్పి, ప్యాడ్ పెట్టెకు తగిలించిన గొట్టాన్ని మెల్లగా ఊడదీయాలి. దానికి సరిపోయే సిలికాన్ గొట్టాన్ని బిగువుగా జతచేయాలి.

3. రెండో కొనను సీసా మూతలో చేసిన రంధ్రం గుండా దించాలి. గాలి పోవడానికి మూతలో ఇంకొక చిన్న రంధ్రం ఉండాలి. గొట్టం కొన ఇంకులో మునగకూడదు.

4. సీసా ప్రింటర్ కంటే కిందుగా ఉండాలి. గొట్టం ఎక్కడా మడత పడకూడదు.

5. తడిసిన పాత ప్యాడ్‌ను తీసి కొత్తది వేయాలి. ఆ తర్వాతే సర్వీసు వారి చేత అంకెను సున్నా చేయించాలి. ఊరూపేరూ లేని చోటి నుంచి దించుకున్న రీసెట్ సాఫ్ట్‌వేర్‌తో వైరస్ కూడా రావచ్చు.

సీసా పెట్టినంత మాత్రాన యంత్రం లెక్క ఆగదు. అంచుల దాకా ఫోటో ముద్రిస్తే పక్కకు చిమ్మే ఇంకు కూడా ఈ సీసాలోకి రాదు. క్యానన్ జి 2000, జి 3000 వంటి వాటిలో ప్యాడ్లు యంత్రం లోపలే ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి కుదరదు. కొత్తగా కొనేవారు వృథా ఇంకు పెట్టెను మనమే మార్చుకోగల యంత్రమా అని అడిగి కొనడం మేలు. ఎప్సన్ ఎల్ 6170, క్యానన్ జి 3020 ఆ రకానివి.

నీళ్ళ సీసా, కూల్‌డ్రింకు సీసా వాడవద్దు. చిన్నపిల్లలు తాగే ప్రమాదం ఉంది. అన్ని రంగులూ కలిసి దుమ్ము పట్టిన ఆ ఇంకును తిరిగి ట్యాంకులో పోయకూడదు. మోరీలోనో, చెరువు పక్కనో, బావి దగ్గరో పారబోయకూడదు. రంపపు పొట్టులో ఇంకించి, కవరులో కట్టి, వేరుగా చెత్త బండి వారికి చెప్పి ఇవ్వాలి.

ఇక లెక్క

సీసాపై మి.లీ. గీతలు ఉంటే కామర్స్ విద్యార్థులకు మంచి పాఠం దొరుకుతుంది. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మూడు నెలల్లో 1,400 పుటలు ముద్రించారు. 70 మి.లీ. ఇంకు సీసాలు రెండు అయిపోయాయి. ఒక్కొక్కటి 420 రూపాయలు, అంటే మి.లీ.కు 6 రూపాయలు, మొత్తం 840. వృథా సీసాలో 28 మి.లీ. చేరింది, దాని విలువ 168 రూపాయలు. కాగితంపై పడిన ఇంకును మాత్రమే లెక్కిస్తే పుటకు 48 పైసలు. నిజమైన ఖర్చు 60 పైసలు. ఆ 12 పైసలు ప్రాసెస్ కాస్టింగ్‌లో మీరు చదివే సాధారణ నష్టం. దాన్ని మంచి పుటలే భరించాలి. కాగితం, కరెంటు వేరే. ఇది తెలియకుండా ధర పెట్టిన పిల్లవాడు కష్టపడి నష్టం తెచ్చుకుంటాడు.

వృథా తగ్గించే మార్గం కూడా ఉంది. గోడ స్విచ్‌తో ఆపితే హెడ్ మూత మీద సరిగా కూర్చోక ఇంకు ఎండుతుంది, మళ్ళీ శుభ్రత పెరుగుతుంది. కాబట్టి ప్రింటర్ మీటతోనే ఆపాలి. వారానికి ఒక పుటైనా ముద్రించాలి. అక్షరాలు చెడితే ముందు నాజిల్ పరీక్ష చేయాలి, అవసరమైతేనే శుభ్రత చేయాలి.

అభ్యాసం: పై లెక్కలో వృథా 42 మి.లీ. అయితే పుటకు ఎన్ని పైసలు పడుతుంది? (జవాబు: 18 పైసలు)

తల్లిదండ్రులకు ఒక్క మనవి. నెలకొకసారి సీసాను చూడండి, ముప్పాతిక నిండగానే మార్చండి. అసలు పత్రాలను మాత్రం ప్రింటర్ బల్ల మీద ఎప్పుడూ ఉంచకండి.