కొరియా చరిత్రకు తొలి పుస్తకము: ఎన్నుకొనుటెట్లు?

పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది మొదలు, కొరియా భాష నేర్చి దుబాసీలుగానో, ఆ దేశపు సంస్థలలో ఉద్యోగులుగానో కుదురుకొనదలచిన యువకులు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, అక్కడి చరిత్రకు ఏ పుస్తకముతో మొదలుపెట్టమందురు?" అని యడుగుట పరిపాటియైనది. టోపిక్ పరీక్ష భాషాపాటవమును కొలుచునదే కాని చరిత్రజ్ఞానమును కొలుచునది కాదు గావున, మార్కులకై ఈ శ్రమ వలదని ముందే చెప్పి, కొరియనులతో కలసి పనిచేయగోరువారికి మాత్రము ఒక మంచి ప్రవేశగ్రంథము తప్పదనియు, దాని మంచిచెడ్డలను గ్రంథాలయములో నిలుచుండియే అరగంటలో తేల్చుకొనవచ్చుననియు చెప్పుచుందును.

ముందు పేర్లు చూడవలెను. మనవలెనే కొరియనులును ఇంటిపేరును ముందు వ్రాయుదురు. అయితే 1592లో మొదలైన యుద్ధములో జపాను నౌకాబలమును చిత్తుచేసిన ఈ సున్‌సిన్, దక్షిణ కొరియా తొలి అధ్యక్షుడైన సింగ్మన్ రీ, శాంసంగ్ స్థాపకుడైన లీ బ్యుంగ్‌చుల్, ఈ మువ్వురి ఇంటిపేరును (ఈ, రీ, లీ) వారి లిపిలో ఒక్కటేయన్న సంగతి రోమను అక్షరములను మాత్రమే చూచువానికి కలలోనైనను తట్టదు. 2000 సంవత్సరములో అక్కడి ప్రభుత్వము రోమను వ్రాతపద్ధతిని మార్చుటచే, పాత పుస్తకములలోని పుసాన్ క్రొత్తవానిలో బుసాన్ అయినది. ఈ చిక్కును పీఠికలో ఒక్క పుటలోనైనను విప్పిచెప్పని రచయిత, తన పాఠకుడు క్రొత్తవాడని మరచినవాడే.

పిదప అయుత రాకుమారి ప్రస్తావనను వెదకుడు. క్రీ.శ. 48లో ఓడపై వచ్చి కొరియాలోని గాయ రాజ్యపు రాజైన సురోను పెండ్లాడిన హో హ్వాంగ్‌ఓక్ కథ విని, అయుతయనగా అయోధ్యయేయని మనవారు ఉప్పొంగుట సహజమే. కాని ఆ కథ మనకు దొరకునది 13వ శతాబ్దిలో ఇర్యోన్ అను బౌద్ధభిక్షువు కూర్చిన సామ్‌గుక్ యూసాలో. అనగా, చెప్పినవానికిని జరిగినదనబడు సంఘటనకును నడుమ పండ్రెండువందల యేండ్లు. దానిని నిక్కమైన చరిత్రగా వల్లించు పుస్తకమును మూసివేయవచ్చును. అసలే విడిచిపెట్టిన పుస్తకమును అంతగా మెచ్చను, ఏలయన గిమ్హే కిమ్ వంశీయులు నేటికిని తమ్ము ఆ దంపతుల సంతతిగా చెప్పుకొందురు, భోజనవేళ మీతో ఆ మాట ఎత్తినను ఎత్తుదురు.

ఇక పుటల పంపకము. నేను తొలుత కొన్న గ్రంథము గొగుర్యో, బెక్చే, సిల్లాల పోరాటములకే సగము చెల్లిపోయి, 1953 జూలై 27 నాటి కొరియా యుద్ధవిరామముతో ముగిసినది. పైగా దానిని శాంతిసంధియని వ్రాసినది, శాంతిసంధి ఇప్పటికిని కుదరకపోయినను! పాత రాజ్యముల కథ చదువదగినదే, కాని ఉద్యోగార్థికి అక్కరపడునది 1961లో సైనికాధికారము చేపట్టిన పార్క్ చుంగ్‌హీ నాటి ఎగుమతుల పరుగు, 1980 గ్వాంగ్‌జు రక్తపాతము, 1987 ప్రజాందోళనము, అన్నిటికంటెను 1997 చివరి ఆర్థికసంక్షోభము. విదేశమారకము అడుగంటి ప్రభుత్వము ఐ.ఎం.ఎఫ్.ను ఆశ్రయించినప్పుడు, జనులు పెండ్లియుంగరములను, బిడ్డల తొలి పుట్టినరోజున బంధువులు పెట్టిన చిన్ని బంగారుటుంగరములను వరుసలలో నిలిచి దేశపు అప్పు తీర్చుటకు అప్పగించిరి. నేడు ఏబదియేండ్లవాడైన మీ మేనేజరు ఆనాటికి పట్టా చేతబట్టుకొని ఉద్యోగము వెదకుచున్న యువకుడైయుండవచ్చును. ఆ ఘట్టమునకు ఎన్ని పుటలిచ్చిరో లెక్కించి, పుస్తకమును ఇంటికి తెచ్చుకొనుటయో అలమారలో మరల పెట్టుటయో నిర్ణయించుకొనుడు.