కొత్త బుల్లెట్‌కు పాత శబ్దం వస్తుందా?

ప్రశ్న: నాన్న పాత బుల్లెట్ వస్తుంటే వీధి మలుపులోనే తెలిసేది. కొత్త క్లాసిక్ 350 మెత్తగా మోగుతోంది. సైలెన్సర్ మార్పిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, బెల్లంపల్లి

జవాబు: మీ చెవి పొరబడలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రాకతో కాలుష్య నిబంధనలు కఠినమయ్యాయి. పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో తేనెపట్టు లాంటి సన్నని గదులుంటాయి. వాటి గుండా వెళ్లేటప్పుడు విషవాయువులతో పాటు శబ్దపు పదునూ తగ్గుతుంది. యూరప్‌లో పెట్రోల్ స్పోర్ట్స్ కార్లకు మసి వడపోతలు పెట్టాక అక్కడి కొనుగోలుదారులదీ ఇదే బాధ. అయితే తప్పంతా కన్వర్టర్‌ది కాదు. 2021లో వచ్చిన క్లాసిక్‌లో ఇంజనే కొత్తది, అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. కాబట్టి సైలెన్సర్ మారిస్తే మోత పెరుగుతుందే గానీ నాన్నగారి బండి లయ రాదు.

‘మా ఊరి బొగ్గు టిప్పర్ల మోత ముందు నా బండి ఎంత’ అని మీకు అనిపించవచ్చు. కానీ టిప్పరు మీ ఇరుకు సందులోకి రాదు, మీ బండి వస్తుంది. నైట్ షిఫ్టు దిగి పగలు పడుకునే కార్మికుల గుమ్మాల ముందే ఆ మోత. పైగా మోటారు వాహనాల చట్టం ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

కొత్త బండి ఇంకా కొననివారైతే, కొనేముందు చల్లటి ఇంజన్‌తో ఒకసారి, వేడెక్కాక మరోసారి నడిపి వినండి. పాత శబ్దమే ప్రాణమైతే మంచి పాత బండి వెతుక్కోండి. ఆర్సీ 15 ఏళ్ల గడువు, పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పక చూడండి. ఇప్పటికే సైలెన్సర్ మార్చిన బండిలో ఇంజన్ లైటు వెలుగుతున్నా, పెట్రోలు వాసన వస్తున్నా, మైలేజీ పడిపోయినా ఆలస్యం చేయకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించండి.